ఐదో కాపీ

ఇంకా గంటుంది. నాలుగింటికి ఫుట్‌బాల్ ఆట. ఉమాకాంతం మాస్టారు మైదానం అంచున పడి ఉన్న రాతి రోలరు మీద కూర్చుని చొక్కా జేబులో కాయితాన్ని పైనుంచే తడుముకున్నాడు. ఉంది, ఎక్కడికి పోతుంది, పొద్దుట్నించీ ఇది పదోసారి తడమడం. డిసెంబరు ఎండ మెడ మీద హాయిగానే పడుతోంది గాని ఒళ్ళు మాత్రం చల్లగా ఉంది, లోపల్నుంచి వచ్చే చలి అది, దానికి ఎండా గిండా పనిచెయ్యవు. నందిగామ సగం ఊరు ఇక్కడే ఉంది, గోడ మీద పిల్లలు, గోడకి సైకిళ్ళు, షామియానా కింద బల్ల మీద షీల్డు. ఆ షీల్డు ఇచ్చే జగన్నాథరావుగారు తన తల్లి రాఘవమ్మగారి ఫొటోకి దండ వేయించి పక్కనే కుర్చీ వేయించుకున్నారు, పాపం ఆవిడ బతికుండగా బంతాట చూసి ఎరగదు, పోయాక ఆరేళ్ళుగా ఏటేటా చూస్తోంది. అవతల బెజవాడ జట్టు, బూట్లూ మేజోళ్ళూ ఒకే రంగు లాగులూ, విడిదింట్లో మగపెళ్ళివారిలా కూర్చుని నిమ్మబద్దలు చప్పరిస్తున్నారు. ఇవతల జగ్గయ్యపేట కుర్రాళ్ళు, తెల్ల బనీన్లు కొని నీలిరంగులో ముంచి తెచ్చుకున్నవి, ఒక్కోటి ఒక్కో నీలం, కాళ్ళకి ఏమీ లేదు. ఇరవై రెండేళ్ళుగా పిల్లల్ని లెక్కపెట్టడం అలవాటైన వేలు దానంతటది లేచి లెక్కపెట్టింది, ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు. వేలు ఆగిపోయింది. ఉండాల్సింది పదిమంది. మళ్ళీ లెక్కపెట్టడానికి ధైర్యం చాలక మాస్టారు వేలు మడిచి గుప్పిట్లో దాచుకున్నాడు.

పేట జట్టు ఆఖరాటకి రావడం. ఎవరికైనా చెబితే నవ్వుతారు, నిజానికి నవ్వారు కూడా. పన్నెండేళ్ళుగా ఈ జట్టుని సాకుతున్నాడు, ఏ టోర్నమెంటుకెళ్ళినా మొదటి ఆట ఓడి సాయంత్రం బస్సుకి తిరిగి రావడం, పొద్దున్నే ఎవడి పనిలోకి వాడు పోవడం, ఒకడు సైకిలు షాపు, ఒకడు సున్నపు బట్టీ, ఒకడు లారీ మీద క్లీనరు, ఇద్దరు ముగ్గురు కాస్త పొలం పుట్రా ఉన్న ఇళ్ళ పిల్లలు. బజార్లో అడిగేవాళ్ళు, ఏం పంతులూ, ఈసారి ఎన్నింటి బస్సుకి తిరిగొస్తన్నారూ అని. తాతలు యజ్ఞాలు చేయించారు, మీ నాన్న పెళ్ళిళ్ళు చేయించాడు, నువ్వేమో గుంజీలు తీయిస్తున్నావురా అని మేనమామ దెప్పేవాడు. ఏ ఆటకి ఆ ఆట జట్టు పేర్ల లిస్టు ఇవ్వాలని కమిటీ రూలు పెడితే ఈయనెప్పుడూ ఒకే కాపీ రాసేవాడు, రెండో ఆటంటూ ఉంటే గదా రెండో కాపీ. ఈ ఏడు ఆగస్టులో రాస్తుంటే సొలొమోను వెనకనుంచి వంగి చూసాడు, సున్నపు బట్టీలో పనిచేసే కుర్రాడు, పందొమ్మిదేళ్ళు, గాలిలా పరిగెత్తేవాడు. "ఐదు రాయండి సార్" అన్నాడు. "ఐదెందుకురా?" "ఆఖరాట ఐదోది గద సార్. కార్బన్లు పెడితే ఒకేసారి పని తెగుద్ది." ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట అని అందరూ నవ్వారు, వాడూ నవ్వాడు, నవ్వుతూనే కార్బన్ కాయితాలు తెచ్చి తనే మధ్యమధ్యన పేర్చాడు, వేళ్ళకి అంటిన నలుపు బనీనుకి తుడుచుకుంటే మాస్టారు తిట్టాడు. పదకొండో పేరు వాడిది, ఎడమ కొస ఆట. రాసిన మర్నాడే జట్టంతా కృష్ణ ఒడ్డున వేదాద్రి గుడికి వెళ్ళారు, ఆ సాయంత్రానికి వాడు లేడు. కృష్ణలో పోయాడు, మూడోరోజు దిగువన దొరికాడు, పాతిపెట్టి నాలుగు నెలలు దాటింది. ఐదు కాపీలూ మిగిలాయి. ఆగస్టులోనే నమోదైన పేర్లు మార్చడానికి లేదంది కమిటీ, మార్చమని ఈయనా గట్టిగా అడగలేదు.

ఆట ముందు హాజరు పిలవడం ఆయన పద్ధతి. బళ్ళో డ్రిల్లు పీరియడు ఎలాగో మైదానమూ అలాగే, వరసలో నిలబెట్టి లిస్టు చదువుతాడు, ఒక్కొక్కడూ ప్రెజెంట్ సార్ అనాలి, ఇంకో మాట చెప్పేదాకా ఉన్నచోటు కదలకూడదు. ఈ కదలకూడదన్న విషయంలో సొలొమోనంత మొండిఘటం లేడు. ఒకసారి ప్రాక్టీసులో వాణ్ణి కార్నరు జెండా దగ్గర నిలబడమని చెప్పి మర్చిపోయాడు, వానొచ్చింది, అందరూ పరిగెత్తారు, ఈయన ఇంటికెళ్ళి కాఫీ తాగాడు, వాన వెలిసాక విజిలు మర్చిపోయానని తిరిగొస్తే వాడు జెండా పక్కన తడిసి ముద్దయి నిలబడే ఉన్నాడు. ఏరా అంటే, పొమ్మనలేదు గద సార్ అన్నాడు. అప్పుడు నవ్వొచ్చింది, ఇంటికెళ్ళి భార్య అహల్యకి చెప్పి మళ్ళీ నవ్వాడు, ఇప్పుడు ఆ మాట తలపుకొస్తే ఒళ్ళు జలదరిస్తుంది. మొదటి ఆట తిరువూరు జట్టుతో, నవంబరులో, ఇదే మైదానం. పదిమందితో ఆడి ఓడి వద్దామనే వచ్చారు. పదో పేరు దగ్గర ఆపెయ్యాలని బస్సులోనే అనుకున్నాడు, అనుకున్నాడు గాని కళ్ళకి అలవాటు, నాలిక్కి అలవాటు, పదకొండోది కూడా బయటికొచ్చేసింది. సొలొమోను. అన్నాక నాలిక కరుచుకున్నాడు. ఎవరూ కదల్లేదు. రోడ్డు మీద లారీ ఒకటి పోయింది, ఆ చప్పుడు సన్నగిల్లుతుండగా వినపడింది, "ప్రెజెంట్ సా." చివరి అక్షరం మింగేసి. ఎన్నిసార్లు దిద్దినా వాడొక్కడే అలా మింగేవాడు. ఎవడో పోకిరీ వెధవ వాణ్ణి అనుకరించాడనుకుని తలెత్తితే పదిమందీ తలలు దించుకుని ఉన్నారు, కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. వెళ్ళండి అన్నాడు. వెళ్ళి గెలిచారు.

ఎలా గెలిచారంటే ఆయన్నడిగి లాభం లేదు. ఎడమవైపు ఎవరూ లేరు, ఖాళీ. కెప్టెను భవానీప్రసాద్, వత్సవాయి వైపు పొలాలున్న రత్తయ్యగారి కొడుకు, బుద్ధిమంతుడు, అలవాటుకొద్దీ బంతిని ఎడమకే తన్నేవాడు. తిరువూరు వాళ్ళ కుర్రాడు బంతి దగ్గరికొచ్చి ఒక్క అడుగు వెనక్కి తగ్గాడు, పక్కనుంచి ఎవరిదో భుజం తగిలినట్టు, ఆ ఒక్క అడుగులో బంతి ఏ మట్టిబెడ్డకో కొట్టుకుని గోలు ముందుకి, భవానీప్రసాద్ కాలి దగ్గరికి వచ్చి ఆగింది. ఒకసారంటే అదృష్టం. మధిర జట్టుతో రెండుసార్లు అలాగే. ఖమ్మం జట్టుతో ఇంకో రెండు నిమిషాల్లో ఆట అయిపోతుందనగా. మైదానం అటువైపు వాలుగా ఉందిలే అన్నారు, సగం ఆటయ్యాక జట్లు వైపులు మారతాయి గదా, మరి వాలు కూడా మారుతుందా అని ఎవరూ అడగలేదు, అడిగితే ఎక్కడ ఆగిపోతుందోనని భయం. గుడివాడ జట్టుని కూడా కొట్టాక, జనం వెళ్ళిపోయాక, మాస్టారొక్కడూ ఎడమ గీత వెంట నడిచాడు. సున్నం గీత మీద కాలి గుర్తులున్నాయి, చెప్పుల్లేని కాలివి, తడివి. నెల రోజులుగా చినుకు లేదు. కుర్రాళ్ళవే అయ్యుంటాయి, చెమట అయ్యుంటుంది అనుకుని ఆయన అటూ ఇటూ చూసి వాటిని చెప్పుతో చెరిపేసాడు. ఎందుకు చెరిపాడంటే, నిజం చెప్పుకోవాలి, గెలుపు రుచి తగిలింది. పేట బజార్లో ఇప్పుడు పంతులూ అనట్లేదు, మాస్టారుగారూ అంటున్నారు, కాఫీ హోటల్లో కుర్చీ తుడిచి వేస్తున్నారు, చచ్చినవాడి పేరు చదువుతున్న పాపానికి ఇంత మర్యాద.

ఇందాక మూడయ్యేసరికి భవానీప్రసాద్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు, కాలితో మట్టి గీరుతూ. "సార్, ఇవాళ కూడా ఆ పేరు చదువుతారు గదండీ. మానెయ్యొద్దండి." చదివితే గెలుస్తారని వాడి నమ్మకం, వాడిదేమిటి, పదిమందిదీ. ఈయన ఆ సందు దొరకబుచ్చుకున్నాడు, నెల రోజులుగా గొంతులో అడ్డం పడి ఉన్నది అడిగేసాడు. "నిజం చెప్పరా, తిట్టను. మీలో పలికేదెవరు?" భవానీప్రసాద్ మొహంలో వెటకారం వెతికాడు, లేదు, జాలి ఉంది. "అదేంటి సార్. మీరే గదండీ." "నేనా!" "మేమంతా అదే అనుకుంటన్నామండి. మీరు లిస్టు మొహానికి అడ్డం పెట్టుకుని అంటారు గదా. మీకు బాధగా ఉంటదని ఎవరం అడగలేదు." వాడు వెళ్ళిపోయాడు. ఈయన రోలరు మీద అలాగే ఉండిపోయాడు. నేనా. మొన్న అహల్య కూడా అడిగింది, స్నానాలగది బయట తువ్వాలు పట్టుకుని నిలబడి, నెత్తిన నీళ్ళు పోసుకుంటూ ఎవరికండీ హాజరు పలుకుతున్నారూ అని. ఏం వాగుతున్నావు అని కసురుకున్నాడు. నెత్తిన నీళ్ళు పడుతుంటే చెవులు మూసుకుపోతాయి, ఊపిరాడదు, ఆ ఒక్క క్షణం ఎక్కడున్నాడో తెలీదు, నోరు తెరుచుకుని ఉంటుందని మటుకు తెలుసు, నీళ్ళు లోపలికి పోతాయి గనక. ఆ నోట్లోంచి ఏమొస్తోందో తెలీదు. తన నోరు తనది కాకపోతే అంతకన్నా భయమేముంది. ఉంది. తను కాకపోతే, అది ఇంకా భయం.

గోడ నీడన ఆరోగ్యమ్మ కూర్చుని ఉంది. అటు చూడకూడదనుకున్నాడు, చూపు అటే పోతోంది. సొలొమోను తల్లి. మిరప కళ్ళాల్లో కూర్చుని కాయల తొడిమలు తీస్తుంది, ఆ ఘాటు వేళ్ళకి పట్టేసి ఉంటుంది గనక ఎంత ఏడుపొచ్చినా చెయ్యి కంటికి తగలనివ్వదు, మోచేత్తో తుడుచుకుంటుంది. కొడుకుని పాతిపెట్టిన నాడు అలా తుడుచుకోవడం ఈయన చూసాడు. ఇవాళ ఆదివారం, ప్రార్థన మానేసి పన్నెండింటి బస్సులో వచ్చింది. వందనాలండి సారూ అంది, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని. ఇవాళ ఆటుందని నీకెవరు చెప్పారు ఆరోగ్యమ్మా అంటే, "ఒకరు చెప్పేదేముందయ్యా, ఆట ఉన్న రోజల్లా నాకు తెలుస్తానే ఉంది" అని సంచీలోంచి నీలం బనీను తీసింది. పొట్ట దగ్గర కార్బన్ మరక ఉంది, వాడు వేళ్ళు తుడుచుకున్నది. "వాడు పోయినకాణ్ణించి మేకుకి తగిలించి ఉంచా సారూ, ఎవర్నీ ముట్టనివ్వలా. పోయిన నెల్లో ఒక ఆదివారం పొద్దుగూకి ఇంటికొస్తే చెమట వాసన. చూస్తే వీపంతా తడి. ఉతికి ఆరేసా. మళ్ళీ ఆదివారం మళ్ళీ అంతే. నాలుగుసార్లు ఉతికానయ్యా." నాలుగు, ఆటలు నాలుగు, ఆయన చెప్పకుండానే లెక్క సరిపోయింది. "ఉతికిన నీళ్ళడుగున ఇసక దిగుతంది. ఈ గ్రౌండులో ఇసకుందా సారూ?" ఆయన కిందికి చూసాడు. ఎర్రమట్టి, గట్టిది, రోలరు తోలి తోలి రాయిలా అయిన మట్టి. లేదమ్మా అన్నాడు. ఆవిడకది తెలిసిన జవాబే.

"వాడి పేరు పిలుస్తన్నారంటగా." అలవాటమ్మా, అనబోయాడు. "మంచోళ్ళు, మర్చిపోలేదు. కానీ అలిసిపోతన్నాడయ్యా పిల్లాడు. బట్టీలో పనిచేసినప్పుడు కూడా అంత చెమట పట్టలా వాడికి. ఇవాళ్టితో ఆఖరంట గదా. ఇంటికి పంపించండి. వారం దాటితే క్రిస్మస్సు, నేనింకా గుమ్మానికి నక్షత్రం కూడా కట్టలా." ఇక పిలవనులే ఆరోగ్యమ్మా, ఇవాళ్టినుంచే మానేస్తా అన్నాడు, అని, హమ్మయ్య అనుకున్నాడు, పదో పేరు దగ్గర ఆపితే సరి, ఇంత తేలికా. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "పిలవకుండా ఊరుకుంటే ఎట్టాగయ్యా. ఆడనే నిలబడి ఉంటాడు. వాడి సంగతి మీకు తెలవందా. నేనింట్లో రోజూ పిలుస్తన్నా, వస్తన్నాడా? మీరు చెప్పిందే వాడికి చెల్లుద్ది. మీరు పొమ్మంటేనే వస్తాడు." బనీను మడత విప్పి మళ్ళీ మడిచి, ఇంకోటి అడిగింది, ఇలా అడుగుతుందని ఆయనకి తెలుసు, నాలుగు నెలలుగా ఆవిడ వీధిలో నడవకుండా చుట్టు తిరిగి పోయేది ఈ మాటకి భయపడే. "ఒక్కటే నాకు అంతుబట్టదు. వాడికి నీళ్ళంటే భయం సారూ. చిన్నప్పుడు మున్నేట్లో పడి బతికాడు, అప్పట్నించీ చెంబు నీళ్ళే. అట్టాంటోడు కృష్ణలో స్నానానికి దిగాడంటే నాకు నమ్మబుద్ధి కాదు." ఆయన ఆగస్టులో చెప్పిందే మళ్ళీ చెప్పాడు. స్నానానికేనమ్మా. చెప్పి, లేచి, నీళ్ళు తాగాలన్నట్టు ఇటొచ్చి రోలరు మీద కూర్చున్నాడు. అప్పట్నించీ దాహంగానే ఉంది, కుండ పక్కనే ఉంది, గ్లాసులో నీళ్ళు చూస్తే తాగబుద్ధి కావట్లేదు.

స్నానానికి కాదు. లిస్టు లక్ష్మీనరసింహస్వామి పాదాల దగ్గర పెట్టించి కుంకం బొట్టు వేయించి, మెట్ల పక్కన ఒడ్డున కుర్రాళ్ళని కాసేపు ఆడుకోమన్నాడు, తనే అన్నాడు. కొత్త తోలుబంతి, తొలిసారి గాలి కొట్టింది. ఎవడో గట్టిగా తన్నాడు, బంతి నీళ్ళలో పడింది, ఎర్రటి కొత్తనీరు, ఒడ్డుకి దగ్గర్లోనే సుళ్ళు తిరుగుతూ పోతోంది. సొలొమోనూ అని పిలిచాడు. వాడు హాజరు పలికినట్టు ప్రెజెంట్ సా అన్నాడు వేళాకోళంగా, అందరూ నవ్వారు, ఈయన నవ్వలేదు, బంతి అన్నాడు. వాడి నవ్వు ఆగిపోయింది. వాణ్ణే ఎందుకు? గీత దాటిన బంతి తేవడం కొసన ఆడేవాడి పనని నాలుగు నెలలుగా తనకి తను చెప్పుకుంటున్నాడు. అబద్ధం. ఈదడం వచ్చినవాళ్ళు నలుగురున్నారు పక్కనే, భవానీప్రసాద్ చేపలా ఈదుతాడు. కానీ భవానీప్రసాద్‌కేమన్నా అయితే రత్తయ్యగారు పదిమందిని వెంటేసుకుని ఇంటి మీదికొస్తాడు. సొలొమోనుకయితే ఎవరొస్తారు, మిరప కళ్ళంలోంచి ఒక ఆడమనిషి వస్తుంది, వచ్చి మోచేత్తో కళ్ళు తుడుచుకుంటుంది. ఇంత లెక్క ఆ క్షణంలో వేసాడా? వెయ్యలేదు. వెయ్యనక్కర్లేకుండానే నోరు ఆ పేరే పిలిచింది, అదే సిగ్గు. భయమని వాడు చెప్పాడు, అంతకు ముందే ఎప్పుడో చెప్పాడు, తనకి తెలుసు. మోకాళ్ళలోతున ఆగి వెనక్కి తిరిగి, ఇంకా వెళ్ళాలా సార్ అన్నాడు. ఇంకో రెండడుగులే అన్నాడు ఈయన. నడుంలోతు. మళ్ళీ తిరిగి చూసాడు. ఇంకో రెండడుగులే. తర్వాత ఒక చెయ్యి లేచింది, సార్ అని అరుపు, వేషాలు చాలించరా అని ఈయన కేకేసాడు. అంతే, అదే ఆఖరి మాట వాడు విన్నది. చూసిన పదిమందీ నోరు మూసుకున్నారు, మాస్టారి ఉద్యోగం పోతుందని. మర్నాడు పొద్దున బంతి దానంతటదే మెట్ల దగ్గరికి కొట్టుకొచ్చింది. అది ఇప్పుడు కాలి దగ్గరే ఉంది, ఈ నాలుగు నెలలూ దాంతోనే ప్రాక్టీసు, ఎంత తుడిచినా కుట్ల దగ్గర చెమ్మ ఆరదు.

పొమ్మంటేనే వస్తాడు. ఏమని పొమ్మనాలి? ఉత్తినే ఇంటికెళ్ళరా అంటే వెళ్ళడు, వాడి మొండితనం తనకి తెలీదా, ముందు చెప్పిన మాట రద్దు కాకుండా తర్వాతి మాట చెల్లదు, ఇరవై రెండేళ్ళుగా తను నేర్పిన రూలే ఇది. ముందు చెప్పిన మాట ఏమిటి, ఇంకో రెండడుగులు. నాలుగు నెలలుగా వాడు ఆ రెండడుగులే వేస్తున్నాడు. దాన్ని రద్దు చెయ్యాలంటే ఆ మాట పైకి అనాలి, పైకి అంటే గోడ నీడన కూర్చున్న తల్లి వింటుంది. వినిపించకుండా గొణిగితే? గొణిగితే వాడికీ వినపడదు. ఈల వేసారు. రెఫరీ చెయ్యెత్తి రెండు జట్లనీ పిలుస్తున్నాడు, జనం లేచారు, ఎవరో పేట పేటా అని అరుస్తున్నారు, గంట ఎప్పుడయిందో తెలీదు. మాస్టారు లేచి జేబులో కాయితం తీసి మడత విప్పాడు. ఐదో కాపీ, కార్బన్ల అట్టడుగుది, పేర్లన్నీ ఉన్నాయా లేవా అన్నట్టు పాలిపోయి ఉన్నాయి, భవానీప్రసాద్ అన్నది కళ్ళు చికిలిస్తే గాని కనపడదు. పదకొండో పేరు మాత్రం నల్లగా, ఇప్పుడే రాసినట్టుంది. బొటనవేలితో రుద్ది చూసాడు. వేలికి నలుపంటింది, తడిగా.

కాలితో బంతిని నెట్టుకుంటూ వెళ్ళేసరికి కుర్రాళ్ళు వరసలో నిలబడ్డారు. ఆరోగ్యమ్మ గోడ దగ్గర్నుంచి లేచొచ్చి కాస్త దూరంలో చతికిలబడింది, బనీను గుండెకి అదిమి పట్టుకుని. చదివాడు, ఒక్కొక్కడూ పలికాడు, పదో పేరు దాకా గొంతు నిబ్బరంగానే ఉంది. తర్వాత, "సొలొమోను." అన్న మరుక్షణం మెళ్ళో వేలాడుతున్న విజిలు అందుకుని పళ్ళ మధ్య బిగించి పట్టాడు, పెదాలు గట్టిగా మూసాడు, కాయితం మొహం ముందునుంచి దింపేసాడు. భవానీప్రసాద్ ఆ విజిలు చూసాడు, ఆ పెదాలు చూసాడు. జనం అరుపులు ఎక్కడో నూతిలోంచి వస్తున్నట్టయ్యాయి. "ప్రెజెంట్ సా." ఎడమ గీత వైపునుంచి, అలుపుగా. భవానీప్రసాద్ మొహం పాలిపోయింది, వాడి పక్కవాడు వాడి చెయ్యి పట్టుకున్నాడు, పదిమందికీ ఒకేసారి తెలిసింది మాస్టారు కాదని. ఆరోగ్యమ్మ ఒక్కతే ఉలిక్కిపడలేదు, పెరట్లోంచి కొడుకు పలికితే తల్లి తలతిప్పినట్టు తిప్పింది. ఇప్పుడు వెళ్ళండి అని ఒక్క మాటంటే చాలు. వెళ్తారు, బంతి ఎడమకి పోతుంది, తిరిగొస్తుంది, బెజవాడ బూట్లు బెజవాడ పోతాయి, షీల్డు పేట పోతుంది, లారీ మీద ఊరేగింపు, మాస్టారుగారూ, మాస్టారుగారూ. ఇంకో గంటన్నర, ఇంకో రెండడుగులే. ఆ మాట లోపల వినపడగానే ఉమాకాంతం మాస్టారు ఎడమ గీత వైపు తిరిగాడు. విజిలు నోట్లోంచి తీసేసాడు.

"సొలొమోనూ" అన్నాడు, డ్రిల్లు గొంతుతో, మైదానం అవతలికి వినపడేట్టు. "బంతి వద్దురా. పోతే పోయింది. ఇంకో రెండడుగులు వద్దు. నువ్వు వెనక్కి తిరుగు, ఒడ్డుకి వచ్చెయ్యి. మీ అమ్మొచ్చింది. ఆవిడతో ఇంటికెళ్ళు."

ఎడమ గీత మీద సున్నం కాస్త లేచి సద్దుమణిగింది, గాలికేమో. ఆరోగ్యమ్మ లేచి దగ్గరికొచ్చింది.

"బంతి కోసమా?" అంది.

"బంతి కోసమేనమ్మా. నేనే పంపా."

"వాడికి నీళ్ళంటే భయమయ్యా."

"తెలుసమ్మా."

తెలుసన్న మాటకి ఆవిడ కళ్ళు ఆయన మొహం మీదే ఆగిపోయాయి. తిడుతుందనుకున్నాడు, మన్ను తీసి పోస్తుందనుకున్నాడు, కొడితే బాగుండుననుకున్నాడు. ఏదీ చెయ్యలేదు. బనీను లోపలా బయటా తిప్పి అరచేత్తో తడిమి చూసుకుంది, నాలుగు మడతలు వేసి సంచీలో పెట్టుకుంది, వందనాలని కూడా అనకుండా వెనక్కి తిరిగి గోడ సందులోంచి రోడ్డెక్కింది. బెజవాడ నుంచి పేట వెళ్ళే బస్సు చెయ్యెత్తితే ఆగింది. అక్కడ ఇంకెవరూ లేరు. ఆరోగ్యమ్మ తలుపు పక్కకి జరిగి, ఒక మనిషి మెట్టెక్కేంత సేపు ఆగి, తర్వాత తనెక్కింది. కండక్టరు కేకేసాడు, బస్సు కదిలింది, కుర్రాళ్ళు పదిమందీ అటే చూస్తున్నారు. మాస్టారు కాళ్ళ దగ్గర బంతిని ఒక్కసారి చేత్తో ముట్టుకున్నాడు, పొడిగా ఉంది, ఏడుపు ఆగలేదు.

రెఫరీ విసుగ్గా వచ్చి చేతిలోంచి కాయితం లాక్కుని పేర్లు చూసాడు, వరస చూసాడు, వేలితో లెక్కపెట్టాడు. "పదిమందే ఉన్నారేంటి మాస్టారూ. ఈ పదకొండో కుర్రాడేడండీ?"

"ఇంటికెళ్ళాడండి" అన్నాడు ఉమాకాంతం మాస్టారు.